నాలుగో డబ్బీ

దొరగారింటి నుంచి ఆ ఉదయం మూడు డబ్బీలు వచ్చాయి. రెండు తలనొప్పి మందు సీసాలు, ఒకటి జర్దా డబ్బీ. మూడింటికీ దారంతో చీటీలు కట్టి ఉన్నాయి. ఇందిర, సరోజ, ముత్తవ్వ. ముత్తవ్వ పేరు కింద ఎవరో ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు.

శాంత జర్దా డబ్బీ మూత తీసింది. కోరుట్లలో డాక్టర్ అనంత్ రావు నర్సింగ్ హోంలో, మెట్ల కింద గదిలో, అయిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. మలం, మూత్రం, కళ్ళె, నెత్తురు. పొద్దున తొమ్మిదింటికి ముక్కుకు తగిలే వాసన తొమ్మిదింపావుకల్లా పోతుంది. మధ్యాహ్నం ఆ బల్ల చివరనే బట్ట పరచుకొని టిఫిన్ డబ్బా విప్పుతుంది. కొత్తగా వచ్చిన నర్సులు ముక్కు మూసుకుంటే ఆమెకు నవ్వొచ్చేది.

చీపురుపుల్ల కొనతో శనగబద్దలో సగమంత తీసి, అద్దం పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపింది. పైన పల్చటి అద్దం ముక్క మూసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పలకను ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్ళీ ఒక వరుస కిందికి దించి ఈ అంచుకు, ఎక్కడా వదలకుండా జరుపుకుంటూ పోయింది. సిరిసిల్లలో ఆమె తండ్రి మగ్గం మీది బట్టలో తెగిన పోగు కోసం ఇట్లాగే చూసేవాడు. జీర్ణం కాని మక్క పొట్టు, ఆకుకూర పీచు, గాలి బుడగలు కనిపించాయి. వెతుకుతున్నది కనిపించలేదు.

ఆమె వెతుకుతున్నది బద్దెపురుగు గుడ్డు. గుండ్రంగా, గోధుమరంగులో, మందపాటి అంచుతో ఉంటుంది.

డాక్టరు ముందురోజే హైదరాబాదు నుంచి వచ్చాడు. దొర జగన్మోహన్ రావు ఆయనకు వరుసకు బావ. దొర మనవరాలు సరోజకు ఆరేళ్ళు. ఇరవై రోజుల కిందట వాకిట్లో ఆడుకుంటూ పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నోట్లోంచి నురగ వచ్చింది. జగిత్యాలలో చూపించారు, తగ్గలేదు. వారంలో మూడుసార్లు వచ్చింది. డాక్టరే వెంటబెట్టుకొని హైదరాబాదు తీసుకుపోయి తలకు స్కానింగ్ తీయించాడు. ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకొని శాంతను పిలిచాడు. చెప్పడమంటే ఆయనకు ఇష్టం. వినే ఓపిక ఉన్నది ఆ నర్సింగ్ హోంలో శాంతకే.

"గీ నల్ల గుండ్రం సూడు. నడుమ తెల్ల చుక్క, అది దాని తలకాయ. గిది బతికున్నది. దీనితోని పిల్లకు నొప్పి లేదు, ఫిట్స్ లేవు. పక్కదాన్ని సూడు, సుట్టూ వాపున్నది. గిది చస్తున్నది. అది చస్తున్నందుకే పిల్ల పడిపోతున్నది."

శాంతకు అది వెంటనే అర్థం కాలేదు. ఆయన కుర్చీలో కూర్చొని వివరంగా చెప్పాడు. గుడ్డు తిండితో కడుపులోకి పోతుంది. అందులోంచి వచ్చిన పిల్లపురుగు పేగు గోడలోంచి నెత్తుట్లో కలిసి మెదడు చేరుతుంది. అక్కడ నీళ్ళతిత్తి కట్టుకొని కూర్చుంటుంది. పరాయిది ఏది వచ్చినా పట్టి చంపే కాపలా మన నెత్తుట్లో ఉంటుంది కదా, ఆ కాపలా దాని దాకా వస్తుంది. కానీ అది మన నెత్తుట్లోని పదార్థాన్నే తీసి ఒంటినిండా కప్పుకొని ఉంటుంది. వచ్చినవి తడిమి చూసి, మనదే అనుకొని తిరిగిపోతాయి. మరీ దగ్గరికి వచ్చినవాటిని మత్తులో పెట్టే రసాలు కూడా వదులుతుంది. అట్లా రెండేళ్ళు, అయిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు. ముసలిదై ఆ కప్పుకోవడం చేతగాక జారిపోయినరోజు శరీరానికి ఒక్కసారిగా తెలుస్తుంది. అప్పుడు మీదపడుతుంది. ఆ వాపుకు మెదడు అదురుతుంది.

మలం చూసి శాంతకు ఎన్నడూ రోత పుట్టలేదు. ఆరేళ్ళ పిల్ల తలలో, పిల్ల నెత్తురే కప్పుకొని, పిల్ల తిన్నదే తింటూ ఒకటి నిమ్మళంగా కూర్చొని ఉండడం ఆమె ఊహకు రోతగా తోచింది.

"గుడ్డు ఎక్కడిది సార్?" అని అడిగింది.

ఇంట్లో ఎవరి పేగులోనో పొడుగాటి బద్దెపురుగు ఉండి ఉండాలి అన్నాడు డాక్టరు. అది ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. తింటారు, పడుకుంటారు. వాళ్ళ మలంలో రోజూ వేల గుడ్లు పడతాయి. చేయి సరిగా కడుక్కోకపోతే గోళ్ళలో ఉండి, ముట్టుకున్న తిండిలో కలుస్తాయి. "వండెటోళ్ళ చేతులే అయి ఉంటయి. ముత్తవ్వనే అనుకుంటున్న" అన్నాడు.

ముత్తవ్వ వంటమనిషి. ఆమెను వంటింట్లోంచి వెళ్ళగొట్టి అప్పటికే పక్షం రోజులైంది. పిల్ల మొదటిసారి పడిపోయినప్పుడే, ఊళ్ళో దొర పొలాలు చూసే జలపతి వచ్చి, ఇది బాణామతి అన్నాడు. వంట చేసే చేతిలోనే ఉందన్నాడు. ముందరి పండ్లు రెండు పీకితే మంత్రం పారదన్నాడు. డాక్టరు ఆ మాట తలచుకొని నవ్వాడు. సైన్సు కూడా ఆమెనే చూపిస్తున్నది చూడు, అన్నాడు.

రెండోరోజు జర్దా డబ్బీలో ఏమీ లేదు. మూడోరోజూ లేదు. శాంత ఒక్కో డబ్బీలోంచి నాలుగేసి పలకలు చేసి చూసింది. ఇందిర సీసాలో లేదు, పిల్ల సీసాలో లేదు. మూడోరోజు రిపోర్టు ఇస్తూ, పెద్దదొరగారి డబ్బీ రాలేదని గుర్తుచేసింది.

"ఆయనకేమైంది? అరవై రెండేండ్లకు గుండు లెక్క ఉన్నడు" అన్నాడు డాక్టరు. ముత్తవ్వది ఇంకోసారి చూడమన్నాడు.

ఆ మధ్యాహ్నం పిల్లకు నెత్తురు తీయడానికి శాంత దొరగారింటికి పోయింది. జగన్మోహన్ రావుది మేడిపల్లి దిక్కు ఊరు. ఊళ్ళోని తన గడి తలుపుకు నక్సలైటు అన్నలు బెదిరింపు కాగితం అంటించిన ఏడాది ఆయన ఊరు విడిచి, కోరుట్లలో ఈ రెండంతస్తుల ఇల్లు కొన్నాడు. కొడుకు మాధవ రావు హైదరాబాదులో కాంట్రాక్టులు చేస్తూ నెలకోసారి వస్తాడు. కోడలు ఇందిర, మనవరాలు ఇక్కడే ఉంటారు. కిటికీలకు లోపలి నుంచి రేకులు కొట్టించి ఉన్నాయి. తలుపు కొట్టినవాళ్ళు పేరు చెప్పేదాకా ఎవరూ గొళ్ళెం తీయరు.

దొర పీట మీద కూర్చొని ఉన్నాడు. ఎదురుగా మోకాళ్ళ మీద పిల్ల. వెండి కంచంలో అన్నం, పప్పు, నెయ్యి. ఆయన అయిదు వేళ్ళూ పెట్టి పిసుకుతున్నాడు. మెతుకు మెతుకుగా లేకుండా చేత్తో ఒత్తి, నిమ్మకాయంత ముద్ద చేసి, బొటనవేలితో పిల్ల నోట్లోకి తోస్తున్నాడు. పిల్ల నమలకుండా బుగ్గన పెట్టుకుంటే వేలు లోపలికి పోనిచ్చి జరుపుతున్నాడు. చచ్చిపోయిన భార్య పేరు సరోజ. ఆ పేరు పెట్టుకున్న పిల్ల నాలుగేళ్ళుగా తన చేతి ముద్ద తప్ప తినదని ఆయన శాంతకు సంతోషంగా చెప్పాడు. తినేటప్పుడు పిల్ల నవ్వింది. ఆయన కూడా నోరు తెరిచి "ఆ" అన్నాడు.

శాంత ఆయన గోళ్ళు చూసింది. పెద్దవి, పసుపుపచ్చవి. నెయ్యి వాటి కిందికి పోయి మెరుస్తున్నది.

నెత్తురు తీసుకున్నాక, చేయి కడుక్కునే నెపంతో ఆమె పెరట్లోకి పోయింది. గొడ్లు లేని కొట్టంలో ఒక గోనెసంచి, సత్తుగిన్నె, సత్తుగ్లాసు ఉన్నాయి. ముత్తవ్వ బండ మీద బట్టలు పిండుతున్నది. వంటింటికి పనికిరాని చేతులు బట్టలకు పనికొచ్చాయి. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. మాట్లాడేటప్పుడు కొంగుతో నోరు కప్పుకుంటున్నది. ఏ ఊరని అడిగితే సిరిసిల్ల అన్నది. తనదీ సిరిసిల్లే అని శాంత చెప్పింది. తండ్రి పేరు, వాడ పేరు అడిగి తెలుసుకొని, మగ్గం సాలోళ్ళ పిల్లవా అని ముత్తవ్వ కొంగు కొంచెం దించింది.

అవ్వా, దొడ్డికి పోయినప్పుడు నాడాముక్కల్లాంటివి, తెల్లటివి, ఎప్పుడన్నా చూశావా అని అడిగింది శాంత.

ముత్తవ్వ చేతిలో ధోతిని ఇంకో మెలిక తిప్పింది. నీళ్ళు ధారగా కారి ఆగాయి.

"నా దాంట్ల ఎన్నడు సూడలే బిడ్డా. గీ ధోతులల్ల సూసిన."

రెండేళ్ళ నుంచి అన్నది. సొరగింజలంత ఉంటాయి, తెల్లగా, చదునుగా. మొదట మెతుకులనుకుంది. బండ మీద ఎండ తగిలితే ముడుచుకున్నాయి. భయపడి దొరకు చెప్పింది. నోరు మూసుకొని పిండు అన్నాడు దొర.

మరి నిన్ను ఇన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదని శాంత అడిగింది.

"ఎవలకు చెప్పాలె? దొర దొడ్డి ముచ్చట నా నోట్ల నుంచి అస్తె పండ్లు కాదు బిడ్డా, నాలుకనే గుంజుతరు."

శాంత తిరిగొచ్చి డాక్టరుకు చెప్పింది. ముత్తవ్వ చెప్పిందనలేదు, ధోతిలో తానే చూశానంది. ఆయన స్కానింగ్ ఫిల్మును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దొరకు వేట పోయే రోజుల నుంచి అడవిపంది మాంసం ఇష్టమని ఆయనకు తెలుసు. వేట బందైన తరువాత ఎవడో తెచ్చి ఇస్తున్నాడు. దాన్ని వంటింట్లోకి రానివ్వరు కాబట్టి దొరే పెరట్లో నిప్పులు చేసుకొని, ఇనుప శీకులకు గుచ్చి, నెత్తురు ఆరకముందే తింటాడు. తెచ్చేవాడు ఊరపందినే అడవిపంది అని ఇస్తున్నాడేమో అని గొణిగాడు. తరువాత, ఈ మాట బయటికి పోవద్దు, పోతే అన్నలు పాట కడతారు అన్నాడు. జాగ్రత్త కోసమని ఇంట్లో అందరికీ గోళీలు ఇద్దామని నిర్ణయించాడు. అందరిలో ఒకరుగా దొరకు కూడా.

మర్నాడు పొద్దున నర్సింగ్ హోం మేడ మీది గదిలో దొరను ఉంచారు. పరగడుపున గోళీలు నమిలించి, రెండు గంటలయ్యాక విరేచనాల మందు తాగించారు. పదకొండింటికి మూత పెట్టిన బొచ్చె శాంత గదికి వచ్చింది.

ఆమె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, పెద్ద తొట్టి మీద జల్లెడ, జల్లెడ మీద సన్నటి గుడ్డ పరిచింది. కొంచెం కొంచెంగా వంపుతూ నీళ్ళు పోసింది. పసుపుపచ్చని నీళ్ళు దిగిపోయాక గుడ్డ మీద తెల్లటిది మిగిలింది. ముద్దగా, మెలికలుగా ఉంది. పట్టుకారుతో ఒక కొస పట్టి మెల్లగా లేపింది. అది తెగకుండా వచ్చింది. ఇంకా వచ్చింది. బల్ల చాలక, ఎనామిల్ పళ్ళెంలో చుట్టలు చుట్టలుగా పరవాల్సి వచ్చింది. చిటికెనవేలంత వెడల్పున మొదలై, కణుపు కణుపుగా సన్నబడుతూ, చివరికి కుట్టుదారమంత అయింది. కొలబద్ద పెట్టింది. ఎనిమిది అడుగుల మీద నాలుగు అంగుళాలు.

తల దొరక్కపోతే మూడు నెలల్లో మళ్ళీ అంత పెరుగుతుంది. ఆమె గుడ్డను అంగుళం అంగుళం వెతికింది. గుండుసూది తలంత ఒకటి దొరికింది. సూక్ష్మదర్శిని కింద పెడితే నాలుగు పీల్చే నోళ్ళు, వాటి నడుమ వరుసగా కొక్కేలు. తరువాత ఒక పెద్ద కణుపును రెండు అద్దాల నడుమ ఒత్తి వెలుతురుకు పట్టుకుంది. లోపల చెట్టులా కొమ్మలు కనిపించాయి. ఒక పక్కవి లెక్కపెట్టింది. తొమ్మిది. పశువు మాంసంతో వచ్చేదైతే పదిహేను దాటాలి. ఇది పందిదే. రిజిస్టరులో తారీఖు వేసి, జగన్మోహన్ రావు, వయస్సు 62 అని రాసి, చూసినదంతా రాసింది.

డాక్టరు దొరను తీసుకొనే కిందికి వచ్చాడు. విరేచనాలకు మనిషి వాడిపోయి ఉన్నాడు. చూస్తానని ఆయనే అన్నాడట. పళ్ళెం ముందు నిలబడ్డాడు. తెల్లటి చుట్టల నడుమ ఒక కణుపు ఇంకా కొంచెం కదులుతున్నది.

"పొల్లకు నా చేతి ముద్దతోనే పోయిందా?" అని అడిగాడు.

"గట్ల చెప్పలేం బావా" అన్నాడు డాక్టరు.

దొర శాంత వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అది చాలు. దొర తన కుడిచేయి తిప్పి అరచేయి చూసుకున్నాడు. గడ్డం వణికింది. ఏడుస్తాడనుకుంది శాంత. ముసలాయన మీద జాలి కూడా కలిగింది. ఆయన చేతిని ధోతికి తుడుచుకొని, జేబురుమాలుతో ముక్కు చీది, మామూలు గొంతుతో అన్నాడు:

"రిపోర్టు ముత్తవ్వ పేరు మీద రాయుండ్రి. దాన్ని ఎట్లాగు తోలుతున్నం గద."

డాక్టరు రిజిస్టరు తెరిచి ఉన్నచోట వేలు పెట్టి, కొత్త పేజీ తిప్పి, కలం శాంత వైపు జరిపాడు. అందరికీ గోళీలు పడ్డాయి, పిల్లకు మందు నడుస్తుంది, పేరులో ఏముంది అన్నాడు మెల్లగా.

శాంత తొట్టి దగ్గరికి పోయి ఉమ్మింది. నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. రెండు గంటలుగా ఆ పురుగును చేతులతో పట్టుకొని ఉంది, ఒక్కసారి కూడా వాంతి రాలేదు. ఇప్పుడు ఆ గదిలో ఇస్త్రీ ధోతి వాసన, దొర నూనె రాసుకున్న జుట్టు వాసన, డాక్టరు సబ్బు వాసన గొంతుకు అడ్డం పడుతున్నాయి.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఇందిర ఉంది. పిల్లకు గోళీలు తీసుకపోవడానికి వచ్చినట్టుంది, చేతిలో చీటీ ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. ఎవరినీ చూడకుండా పళ్ళేన్నే చూస్తున్నది.

"ఎవలది?" అన్నది.

డాక్టరు నోరు తెరిచాడు. కానీ ఇందిర అడిగింది శాంతను.

"మీ మామగారిది మేడం" అన్నది శాంత.

ఇందిర దగ్గరికి వచ్చి, వంగి, పురుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. వంటింట్లోంచి వెళ్ళగొట్టిన రోజు ముత్తవ్వ గిన్నెను చీపురుతో కొట్టంలోకి తోసింది ఆమే. నాతోని ఇంటిదాకా రా, చెప్పెటోళ్ళు ఒకరుండాలె అని శాంతను పిలిచింది. శాంత తొడుగులు విప్పి, చేతులు రెండుసార్లు కడుక్కొని వెంట నడిచింది. డాక్టరు ఆపలేదు.

వాకిట్లో జలపతి ఉన్నాడు. వెంట ఊరి నుంచి ఇద్దరు మనుషులు. రిపోర్టు వచ్చే రోజు ఇదేనని ఆయనకు ఎవరో చెప్పారు. ముత్తవ్వ ప్రహరీగోడకు ఆనుకొని కింద కూర్చొని ఉంది. రెండు అరచేతులతో నోరు గట్టిగా మూసుకుంది. జలపతి భుజం మీది తువ్వాల కింద కమ్మరి పటకారు పిడి కనబడుతున్నది. ఎదురింటివాళ్ళు గడపల మీదికి వచ్చి చూస్తున్నారు. రిపోర్టు వచ్చిందా దొరసానీ, అని జలపతి మర్యాదగా అడిగాడు.

ఇందిర కొంగు నిండుగా కప్పుకుంది. గొంతు పెంచలేదు.

"ముత్తవ్వ కడుపుల ఏం లేదు. పురుగు మా మామ కడుపులున్నది. ఎనిమిదడుగులున్నది, నేను కండ్లార సూసిన. నా బిడ్డకు ఆయన చేతికెల్లే అచ్చింది. పండ్లు పీకుడే ఉంటె, ఆయన అస్తుండు, ఆగి పీకుండ్రి."

జలపతి శాంతను చూశాడు, ఆమె అవునని తల ఊపింది. ఆయన తువ్వాలను ముందుకు లాగి పటకారును పూర్తిగా కప్పేశాడు. అట్లా అంటే ఎట్లా దొరసానీ అని ఏదో గొణిగాడు. ఇద్దరు మనుషుల్లో ఒకడు అప్పటికే సందు మలుపులో ఉన్నాడు. దొర రిక్షా సరిగ్గా అప్పుడే వచ్చి ఆగింది. ఆయన దిగి, అందరి ముఖాలూ చూసి, ఎవరూ తనతో మాట్లాడకపోయేసరికి, ఒక్కడే లోపలికి పోయి గొళ్ళెం వేసుకున్నాడు.

ఇందిర ముత్తవ్వ ముందు కూర్చుంది. తప్పయిందని అనలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎన్నడూ పనివాళ్ళతో అని ఉండరు. పొయ్యి దగ్గరికి రమ్మని, పిల్ల అడుగుతున్నదని మాత్రం అన్నది. ముత్తవ్వ నోటి మీంచి చేతులు తీయకుండానే తల అడ్డంగా ఊపింది. సిరిసిల్లలో చెల్లె ఎల్లవ్వ ఉందని, మగ్గాలకు కండెలు చుట్టుకొని బతుకుతానని తరువాత శాంతతో చెప్పింది.

సాయంత్రం డాక్టరు శాంతను పిలిచి, వచ్చే నెల నుంచి వేరే చోటు చూసుకొమ్మన్నాడు. కోపంగా అనలేదు. జగిత్యాలలో తెలిసినవాళ్ళ లాబు ఉంది, చీటీ రాసిస్తానన్నాడు. చీటీ వద్దన్నది శాంత. రిజిస్టరులో పేజీ అట్లాగే ఉందో లేదో చూసుకొని ఇంటికి పోయింది.

మర్నాడు ఆమె గది తాళం తీస్తుండగా మెట్ల పక్కన ముత్తవ్వ నిలబడి ఉంది. చంకలో బట్టల మూట. తొమ్మిదిన్నరకు వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సు. ఆమె కడుపులో ఏమీ లేదని ముందురోజు రాసిచ్చిన కాగితం పోగొట్టుకుందేమో అనుకుంది శాంత. తోవలో పోలీసులు బస్సు ఆపి మూటలు విప్పిస్తున్నారు, కాగితం రైక లోపల పెట్టుకొమ్మని తానే చెప్పింది. కాగితం ఉందన్నది ముత్తవ్వ. కొంగు ముడి విప్పి, మోదుగాకులో చుట్టినదేదో తీసి బల్ల మీద పెట్టింది. జర్దా డబ్బీ.

"మళ్ళొకసారి సూడు బిడ్డా."

మూడుసార్లు చూశాను కదా అవ్వా, ఏమీ లేదు అన్నది శాంత.

"అందరు గట్లనే అనంగ అనంగ, రాత్రి పండుకుంటె పొట్టల మసులుతున్నట్టే అయితున్నది. అన్నం పోతలేదు. నా చెయ్యి నాకే రోత పుడుతున్నది."

శాంత చీపురుపుల్ల విరిచి, ఉప్పునీటి చుక్క వేసి, పలక తయారు చేసింది. తాను చూసి, కుర్చీలోంచి లేచి, ముత్తవ్వను అందులో కూర్చోబెట్టింది. ముత్తవ్వ మూట ఒళ్ళో పెట్టుకొని, ఒక కన్ను అరచేత్తో మూసుకొని, రెండో కన్ను గొట్టానికి ఆనించింది. మొదట ఏమీ కనబడలేదన్నది. శాంత మర తిప్పింది. ముత్తవ్వ ఊపిరి ఆగింది.

"గా గుండ్రంగున్నయేంది?"

"గాలి బుడగలవ్వా."

"గా పచ్చటియి?"

"నువ్వు తిన్న తోటకూర."

బస్టాండు నుంచి హారను వినిపించింది. బస్సుకు టైమయిందని శాంత మెల్లగా గుర్తుచేసింది. ముత్తవ్వ కన్ను తీయలేదు. మూటను గట్టిగా పట్టుకొని ఇంకొంచెం ముందుకు వంగింది.

"ఇంకింత జరుపు బిడ్డా. గా మూలకు గూడ సూస్త."

శాంత పలకను జరిపింది.